యూదు ధర్మశాస్త్రంలో గ్రంథస్వామ్యం

యూదు ధర్మశాస్త్రంలో గ్రంథస్వామ్యం అనగా ఒకరి ఆలోచనను, బోధనను లేదా గ్రంథాన్ని ఇతరులు తిరిగి చెప్పడం, నకలు చేయడం, అచ్చువేసి అమ్మడం అనే విషయాలపై యూదుల ధర్మశాస్త్రమైన హలాఖాలో జరిగిన చర్చ. ఇందులో రెండు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. ఇతరుని మాటను చెప్పేటప్పుడు అతని పేరు చెప్పాలా? అతని అనుమతి లేకుండా ఆ మాటను పంచవచ్చునా? మొదటి ప్రశ్నకు తాల్ముద్ కాలంలోనే స్పష్టమైన సమాధానం ఏర్పడింది: పేరు తప్పక చెప్పాలి. రెండవ ప్రశ్న అచ్చుయంత్రం వచ్చిన తరువాతనే తీవ్రమైంది. ఐదు శతాబ్దాలు గడిచినా దానిపై రబ్బీలలో ఏకాభిప్రాయం కుదరలేదు.

నేపథ్యం

హలాఖాకు మూలం తోరా (మోషే పంచకాండాలు). మౌఖికంగా వచ్చిన ధర్మాలను సుమారు సా.శ. 200 ప్రాంతంలో రబ్బీ యెహూదా హనాసి మిష్నాగా సంకలనం చేశాడు. మిష్నాపై పాలస్తీనాలోను, బాబిలోనియాలోను తరతరాలుగా జరిగిన చర్చలే రెండు తాల్ముద్‌లు. వీటిలో బాబిలోనియా తాల్ముద్‌కు ప్రామాణికత ఎక్కువ. తరువాతి కాలంలో మైమోనిడీస్ రచించిన మిష్నే తోరా (12వ శతాబ్దం), యోసెఫ్ కారో రచించి 1565లో అచ్చయిన షుల్హాన్ ఆరూఖ్ ముఖ్య ధర్మసంహితలుగా నిలిచాయి.

యూదులకు పోపు వంటి ఏకైక అధికారి లేడు. కొత్త సమస్య వచ్చినప్పుడు ప్రజలు తమకు నమ్మకమున్న రబ్బీకి లేఖ రాసేవారు, ఆయన కారణాలతో సమాధానం రాసేవాడు. ఇటువంటి ప్రశ్నోత్తర లేఖల సంపుటాలు వేల సంఖ్యలో ఉన్నాయి. గ్రంథస్వామ్యంపై హలాఖా అంతా దాదాపుగా ఈ లేఖలలోనే పెరిగింది. అందువలన ఇది ఒక చట్టంలా కాక, వ్యాజ్యాల వరుసలా కనిపిస్తుంది.

చెప్పినవాని పేరు

మిష్నాలోని పిర్కే ఆవోత్ (పితరుల సూక్తులు) అనే భాగానికి ఆరవ అధ్యాయంగా చేర్చబడిన ప్రకరణంలో విద్యాసముపార్జనకు కావలసిన 48 గుణాల పట్టిక ఉన్నది. వీటిలో చివరిది, ఒక మాటను దానిని చెప్పినవాని పేరిట చెప్పడం. అలా చెప్పేవాడు లోకానికి విమోచనం తెస్తాడని అక్కడే ఉన్నది. దీనికి ఆధారంగా ఎస్తేరు గ్రంథంలోని ఘట్టాన్ని చూపుతారు. పర్షియా రాజును చంపడానికి ఇద్దరు ద్వారపాలకులు చేసిన కుట్రను మొర్దెకై కనిపెట్టి ఎస్తేరు రాణికి తెలిపాడు. ఆమె ఆ వార్తను తనదిగా చెప్పుకొనక, మొర్దెకై పేరిట రాజుకు విన్నవించింది. ఆ పేరు రాజగ్రంథంలో నమోదైంది. తరువాత యూదజాతి అంతటికీ ప్రాణాపాయం వచ్చినప్పుడు వారిని కాపాడిన పరిణామాలలో ఆ నమోదు ఒకటి. ఒక పేరు దాచి ఉంటే ఏమై ఉండేదో పాఠకుడే ఊహించుకోవచ్చు.

ఈ నియమాన్ని గురించిన అత్యంత సజీవమైన కథ బాబిలోనియా తాల్ముద్‌లోని యెవామోత్ భాగంలో ఉన్నది. 3వ శతాబ్దంలో తిబెరియ నగరంలో రబ్బీ యోహనాన్ అగ్రగణ్యుడైన పండితుడు. అతని శిష్యుడు రబ్బీ ఎలాజార్ ఒకనాడు విద్యామందిరంలో గురువు చెప్పిన ధర్మాన్ని గురువు పేరు చెప్పకుండా బోధించాడు. అది తెలిసి యోహనాన్‌కు కోపం వచ్చింది. రబ్బీ అమ్మి, రబ్బీ అస్సి అనే ఇద్దరు ఆయనను శాంతింపజేయడానికి వెళ్ళారు. పూర్వం తిబెరియలోని ఒక ప్రార్థనామందిరంలో తలుపు గడియ గురించి ఇద్దరు పండితులు వాదులాడి, పెనుగులాటలో తోరా గ్రంథపు చుట్టనే చింపివేశారని, కోపం అంతటి అనర్థం తెస్తుందని చెప్పారు. ఆ మాట విని యోహనాన్ కోపం ఇంకా పెరిగింది. వాదులాడిన వారిద్దరూ సమవయస్కులైన సహచరులు. తన శిష్యుడిని తనకు సమానుడిని చేసి మాట్లాడుతున్నారని ఆయన బాధ.

చివరకు రబ్బీ యాకోవ్ బర్ ఈదీ వచ్చి వేరొక దారి పట్టాడు. యెహోషువ తన గురువైన మోషే చెప్పినదంతా ప్రజలకు బోధించాడు, ప్రతి వాక్యానికీ మోషే ఇలా చెప్పాడని అన్నాడా? అనలేదు, ఎందుకంటే అది మోషే బోధ అని అందరికీ తెలుసు. అలాగే ఎలాజార్ ఏది చెప్పినా అది మీదేనని అందరికీ తెలుసు అన్నాడు. యోహనాన్ శాంతించి, మిగిలినవారికి ఈ విధంగా ఓదార్చడం తెలియలేదని మెచ్చుకున్నాడు.

అంత గొప్ప పండితుడు పేరు కోసం ఎందుకు పట్టుబట్టాడని తాల్ముద్ తానే ప్రశ్న వేసుకుంటుంది. చనిపోయిన పండితుని మాటను ఈ లోకంలో అతని పేరిట చెప్పినప్పుడు సమాధిలో అతని పెదవులు కదులుతాయని సమాధానం. దీనికి చెప్పిన ఉపమానం ద్రాక్షపండ్ల రాశి: వేలు తగలగానే రసం స్రవిస్తుంది. ఈ మాటను కూడా యోహనాన్ తనదిగా కాక, తనకంటె పూర్వికుడైన రబ్బీ షిమోన్ బర్ యోహాయ్ పేరిటనే చెప్పడం గమనించదగినది. తాల్ముద్‌లోని వాక్యాలు చాలావరకు ఇలా ఫలానా వాని పేరిట ఫలానా వాడు చెప్పెను అనే గొలుసులతోనే మొదలవుతాయి. కొన్ని గొలుసులలో మూడు నాలుగు పేర్లు కూడా ఉంటాయి. ఒక మతం ఎవరిదో తెలిస్తేనే, అదే పండితుడు మరొకచోట చెప్పినదానితో పోల్చి చూడడానికి వీలవుతుంది. కనుక ఇది మర్యాద మాత్రమే కాదు, వాదనా పద్ధతికి అవసరం కూడా.

17వ శతాబ్దంలో పోలండుకు చెందిన అవ్రహామ్ గోంబినర్ షుల్హాన్ ఆరూఖ్‌పై రాసిన మాగెన్ అవ్రహామ్ అనే వ్యాఖ్యలో, చెప్పినవాని పేరు చెప్పకపోవడాన్ని నిషేధోల్లంఘనగానే లెక్కించాడు. ఆయన అక్కడే ఒక చిక్కును కూడా ప్రస్తావిస్తాడు. ధర్మం సరైనదే అయినా చెప్పినవాడు అనామకుడైతే ప్రజలు వినరు. అప్పుడు దానిని ఒక గొప్పవాని పేరిట చెప్పవచ్చునా? తాల్ముద్‌లో దీనికి అనుకూలంగా అర్థం చేసుకోదగిన మాట ఒకటి, ప్రతికూలమైన మాట ఒకటి రెండూ ఉన్నాయి. అనగా ఇతరుని మాటను తన పేరిట చెప్పుకోవడంతో పాటు, తన మాటను ఇతరుని పేరిట చలామణి చేయడం కూడా చర్చకు వచ్చిందన్నమాట.

దాచుకొన్నవారు

పేరు విషయంలో ఇంత పట్టుదల చూపిన సంప్రదాయం, విద్యను దాచుకోవడాన్ని మాత్రం తప్పుపట్టింది. మిష్నాలోని యోమా భాగంలో యెరూషలేము దేవాలయానికి చెందిన నలుగురి పేర్లు నిందాపూర్వకంగా నమోదయ్యాయి. గార్ము కుటుంబం దేవాలయంలో వారమంతా ఉంచే సన్నిధి రొట్టెల తయారీని, అవ్తీనాస్ కుటుంబం ధూపద్రవ్యం తయారీని ఎవరికీ నేర్పలేదు. హుగ్రోస్ అనే లేవీయుడు తన గానవిద్యలోని ఒక మెలకువను, బెన్ కమ్‌త్సార్ తన లేఖన విద్యను నేర్పలేదు. బెన్ కమ్‌త్సార్ వేళ్ళ మధ్య నాలుగు కలాలు పట్టి నాలుగక్షరాల పదాన్ని ఒకేసారి రాయగలిగేవాడని తాల్ముద్ చెబుతుంది.

గార్ము వారు నేర్పకపోతే పండితులు ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నుండి రొట్టెలు చేసేవారిని రప్పించారు. వారికి కాల్చడం వచ్చింది కాని, వారి రొట్టెలు బూజు పట్టేవి. చివరకు గార్ము వారినే తిరిగి పిలవవలసి వచ్చింది. కూలి రెట్టింపు చేసేవరకు వారు రాలేదు. రోజుకు 12 మానెలు ఉన్నది 24 అయిందని ఒక మతం, 24 ఉన్నది 48 అయిందని మరొక మతం. అవ్తీనాస్ వారి విషయంలోనూ ఇదే జరిగింది.

అయితే తాల్ముద్ వారి వాదన కూడా వింటుంది. దేవాలయం నాశనం కానున్నదని తమ పెద్దలకు తెలుసునని, అయోగ్యుడెవడైనా ఈ విద్య నేర్చి విగ్రహారాధనకు వాడుతాడని భయపడ్డామని వారు చెప్పారు. గార్ము వారి పిల్లల చేతిలో ఎన్నడూ మేలిమి పిండి రొట్టె కనిపించలేదని, అవ్తీనాస్ వారి ఇంటి వధువులు ఎన్నడూ సుగంధం పూసుకొనలేదని, దేవాలయపు సొత్తు వాడుకొన్నారన్న అనుమానం రాకుండా అలా ఉండేవారని తాల్ముద్ వారిని మెచ్చుకొంటుంది కూడా. అందరూ ఏదో ఒక సమాధానం చెప్పుకోగలిగారు, బెన్ కమ్‌త్సార్ మాత్రం చెప్పలేకపోయాడు. నైపుణ్యం తనదైనంత మాత్రాన దానిని తనతోనే అంతం చేసే హక్కు ఉన్నదా అన్న ప్రశ్నకు హలాఖా మొగ్గు ఎటువైపో ఈ కథ వలన తెలుస్తుంది.

తోరా బోధకు వేతనం తీసుకోరాదన్న నియమం కూడా దీనికి తోడవుతుంది. మోషే దైవం నుండి ఉచితంగా పొందాడు కనుక మీరూ ఉచితంగానే ఇవ్వండి అన్నది దాని భావం (బోధకులకు కాలనష్టానికి పరిహారం అనే పేరుతో జీతం ఇవ్వడం తరువాత ఆచారమైంది). మిష్నాకు అనుబంధమైన తోసెఫ్తాలో ఏడు రకాల దొంగల పట్టిక ఉన్నది. మనుషుల మనసును దోచేవాడు, అనగా లేనిది ఉన్నట్లు నమ్మించేవాడు, అందరిలోకి పెద్ద దొంగ అని అక్కడ ఉన్నది. దీనిని గెనేవత్ దఅత్ అంటారు. ఇతరుని కృతిని తనదిగా చెప్పుకోవడం దీని కిందికే వస్తుందని పలువురి అభిప్రాయం. కాని అదే ప్రకరణంలో, ఒక పండితుని వెంట రహస్యంగా వెళ్ళి అతని పాఠాన్ని విని నేర్చుకొన్నవాడు దొంగ అనిపించుకొన్నా పుణ్యమే సంపాదిస్తాడని కూడా చెప్పబడింది. పాఠాన్ని దొంగిలించినవాడు క్షమార్హుడు, పేరును దొంగిలించినవాడు కాడు.

అచ్చుయంత్రం తెచ్చిన చిక్కు

చేతిరాత కాలంలో ఒక గ్రంథానికి నకలు రాసుకొనేవాడు పుణ్యకార్యం చేసినట్లే. అచ్చుయంత్రం వచ్చాక పరిస్థితి మారింది. పరిష్కరించి, అక్షరాలు కూర్చి, కాగితం కొని మొదట అచ్చువేసినవాడు పెద్ద మొత్తం పెట్టుబడి పెట్టాలి. రెండవవాడికి ఆ శ్రమలో సగమైనా లేదు.

హలాఖాలో దీనికి సిద్ధమైన సూత్రం లేదు. స్పర్శకు అందని వస్తువును అమ్మడం గాని, కొనడం గాని చెల్లదని మైమోనిడీస్ సంహితలో స్పష్టంగా ఉన్నది. తోటలోని పండును అమ్మవచ్చు కాని దాని వాసనను అమ్మలేరు. ఆలోచన కూడా అటువంటిదే. అందువలన రబ్బీలు ఆస్తిహక్కును వదిలి, జీవనోపాధి రక్షణ అనే మార్గం పట్టారు. పొరుగువాని పొలం గట్టు జరపరాదన్న ద్వితీయోపదేశకాండంలోని ఆజ్ఞ (హస్సగత్ గెవూల్) క్రమంగా ఇతరుని బతుకుతెరువులోకి చొరబడరాదన్న అర్థానికి విస్తరించింది. ఒక జాలరి చేపను గుర్తించి వల వేసిన చోటికి ఇంకొక జాలరి రాకూడదని తాల్ముద్‌లో ఉన్న దృష్టాంతం దీనికి బలమైంది.

ఆచరణలో ఇది హస్కమా (సమ్మతి పత్రం) రూపం తీసుకొన్నది. గ్రంథం మొదటి పుటలలో ఒక పేరున్న రబ్బీ దానిని మెచ్చుకొంటూ, ఇన్ని సంవత్సరాలలో ఎవరైనా తిరిగి అచ్చువేస్తే వారికి హెరెమ్ (సంఘ బహిష్కారం) తగులుతుందని ప్రకటించేవాడు. ఇటువంటి ప్రకటనలలో ఇప్పటికి తెలిసినవాటిలో మొదటిది 1518లో రోములో ఎలియాహు బహూర్ అనే వ్యాకరణవేత్త పుస్తకాలకు ఇవ్వబడింది. ఇంగ్లండులో మొదటి కాపీహక్కు చట్టం 1710లో వచ్చింది. అయితే వెనిస్ పాలకులు ముద్రాపకులకు ప్రత్యేక హక్కులు ఇవ్వడం 15వ శతాబ్దంలోనే మొదలైంది కనుక, రబ్బీలు చుట్టుపక్కల ఆచారాన్ని చూసే ఈ పద్ధతిని రూపొందించారని భావించవచ్చు.

వెనిస్ వివాదం, 1550

పాదువా నగర రబ్బీ మెయిర్ కట్సెనెల్లెన్‌బోగెన్ (మహారామ్ అని ప్రసిద్ధుడు) మైమోనిడీస్ మిష్నే తోరాను పరిష్కరించి, తన వ్యాఖ్యలు చేర్చి, సొంత సొమ్ము పెట్టి వెనిస్‌లో బ్రగాదిన్ ముద్రణాలయంలో అచ్చువేయించాడు. ఆనాటి చట్టాల ప్రకారం వెనిస్‌లో ముద్రణాలయాలు క్రైస్తవుల యాజమాన్యంలో ఉండేవి. అప్పటికే హిబ్రూ ముద్రణలో పేరుపొందిన జుస్తినియాని అనే మరొక యజమాని వెంటనే అదే గ్రంథాన్ని అచ్చువేసి, ఒక బంగారు నాణెం తక్కువ ధరకు అమ్మకానికి పెట్టాడు. మహారామ్ పోలండులోని క్రాకోకు చెందిన తన బంధువు, యువ రబ్బీ మోషే ఇస్సెర్లెస్‌ను (రెమా) తీర్పు కోరాడు.

రెమా లేఖ ఈ విషయంలో మైలురాయి. జుస్తినియాని యూదుడు కాడు, అతనికి ఈ ధర్మం వర్తిస్తుందా? నోవహు సంతతి అంతా, అనగా మానవులందరూ న్యాయవ్యవస్థకు బద్ధులని, కనుక వర్తిస్తుందని రెమా వాదించాడు. ధర తగ్గించడంలో నష్టం కలుగుతుందన్న సందేహం కాదు, నిశ్చయమే ఉన్నది, కావున ఇది మామూలు పోటీ కాదన్నాడు. పండితుడు సంతలో సరకు అమ్మేటప్పుడు అతనికి ముందు అవకాశం ఇవ్వాలన్న తాల్ముద్ నియమాన్ని కూడా చూపాడు. తప్పులున్న పుస్తకాన్ని ఇంట ఉంచుకోరాదని, పరిష్కర్త పాండిత్యం కూడా లెక్కలోకి వస్తుందని చేర్చాడు. మహారామ్ ప్రతులు అమ్ముడుపోయేవరకు తన దేశంలోని యూదులెవరూ జుస్తినియాని ప్రతిని కొనరాదని, కొంటే బహిష్కారమని తీర్పు చెప్పాడు. క్రైస్తవ ముద్రాపకునిపై రబ్బీకి అధికారం లేదు, కొనేవారిపై మాత్రం ఉన్నది. ఆయన పట్టుకొన్న కీలకం అదే.

ఈ లేఖలో ఆలోచనపై యాజమాన్యం అన్న మాట ఎక్కడా లేదు. మిష్నే తోరా మైమోనిడీస్‌ది, ఆయన అప్పటికి చనిపోయి మూడున్నర శతాబ్దాలు అయింది. రక్షింపబడినది పరిష్కర్త పెట్టుబడి.

కథ సుఖాంతం కాలేదు. వెనిస్ ముద్రాపకుల పోటీ రోములో పరస్పర ఫిర్యాదుల వరకు వెళ్ళింది. హిబ్రూ గ్రంథాలలో క్రైస్తవ మతదూషణ ఉన్నదన్న ఆరోపణపై విచారణ జరిగింది. 1553 సెప్టెంబరు 9న రోములోని కాంపో దె ఫియోరి కూడలిలో తాల్ముద్ ప్రతులను తగులబెట్టారు. కొద్ది వారాలలోనే వెనిస్‌లోనూ అదే జరిగింది. దీనికి ఇతర రాజకీయ, మత కారణాలు కూడా ఉన్నాయి కాని, పుస్తకాల వ్యాపారంలోని కలహం ఒక కారణమని చరిత్రకారులు రాశారు.

తరువాతి తీర్పులు

18వ శతాబ్దంలో ప్రాగ్ రబ్బీ యెహెజ్కేల్ లాండౌ ముందుకు ఒక చిత్రమైన తగవు వచ్చింది. ఒక పండితుడు తాల్ముద్ మూలంతో పాటు తన వ్యాఖ్యను అచ్చువేయించి, అక్షరాల కూర్పుకు డబ్బు చెల్లించాడు. పని పూర్తయ్యాక ముద్రాపకుడు వ్యాఖ్యను తీసివేసి, మూలానికి కూర్చిన అక్షరాలతోనే తన కోసం తాల్ముద్‌ను అచ్చువేసుకొన్నాడు. అక్షరాలు ముద్రాపకునివే, మూలం అందరిదీ. అయినా కూర్పు ఖర్చు పండితుడు పెట్టాడు, చౌక ప్రతి రావడం వలన అతని అమ్మకం తగ్గుతుంది, కావున ముద్రాపకుడు ఖర్చులో వాటా చెల్లించాలని లాండౌ తీర్పు చెప్పాడు. ఒకరికి లాభం, మరొకరికి నష్టం లేదు అన్న సాకు ఇక్కడ చెల్లలేదు.

19వ శతాబ్దం మొదట్లో వోల్ఫ్ హైడెన్‌హైమ్ ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి రోడెల్‌హైమ్‌లో పండుగ ప్రార్థనల సంపుటాలను ప్రచురించాడు. రాతప్రతులు సరిచూసి, క్లిష్టమైన ప్రార్థనాగీతాలను జర్మన్‌లోకి అనువదించాడు. నిషేధం ఉన్నప్పటికీ సుల్జ్‌బాఖ్ ముద్రాపకులు దానిని తిరిగి అచ్చువేశారు. మొరావియా రబ్బీ మొర్దెకై బానెట్, ఒక ఊరి రబ్బీ విధించిన బహిష్కారం ఇతర దేశాలవారిని కట్టివేయలేదని వాదించాడు. ప్రెస్‌బర్గ్ (ఇప్పటి బ్రాతిస్లావా) రబ్బీ మోషే సోఫెర్ దీనిని ఖండించాడు. పాత గ్రంథాన్ని అచ్చువేసేవాడు వేరు, తన బుద్ధితో కొత్తది చేసినవాడు వేరు అన్నది ఆయన వాదన. ఏళ్ళ తరబడి శ్రమించినవాని ఫలాన్ని ఇతరులు లాగుకొంటే ఇక ఇటువంటి పనికి ఎవరు పూనుకొంటారని ప్రశ్నించాడు. రక్షణ ముద్రాపకుని నుండి రచయిత వైపు జరగడం ఇక్కడ కనిపిస్తుంది.

1830లలో స్లావుతా, విల్నా ముద్రణాలయాల మధ్య తాల్ముద్ ప్రచురణపై వచ్చిన తగవు తూర్పు ఐరోపా రబ్బీలను రెండుగా చీల్చింది. 1836లో రష్యా ప్రభుత్వం రెండు తప్ప మిగిలిన హిబ్రూ ముద్రణాలయాలను మూసివేయించింది.

1860లో ల్వోవ్ రబ్బీ యోసెఫ్ షాఉల్ నాథన్‌సన్ అంతకు ముందెవరూ అనని మాట అన్నాడు. పిత్‌హే తెషువా అనే గ్రంథం పునర్ముద్రణపై వచ్చిన వ్యాజ్యంలో, హస్కమాలో నిషేధం రాసినా రాయకపోయినా కొత్త గ్రంథంపై హక్కు రచయితదేనని, అది శాశ్వతమని ఆయన తీర్పు. యంత్రం కనిపెట్టినవానికి లౌకిక ప్రభుత్వాలు హక్కు ఇస్తున్నాయి, మన తోరా అంతకన్నా తక్కువ న్యాయంగా ఉంటుందా అన్నది ఆయన తర్కం. యిత్స్‌హాక్ ష్మెల్కెస్ తన బేత్ యిత్స్‌హాక్‌లో దీనిని అంగీకరించలేదు. హలాఖాలో అటువంటి సహజహక్కు లేదని, రచయితకు రక్షణ దేశ చట్టం వలననే వస్తుందని ఆయన రాశాడు. దీనికి ఆధారం దీనా దమల్ఖూతా దీనా, అనగా రాజ్యపు చట్టం చట్టమే అన్న సూత్రం. దీనిని 3వ శతాబ్దంలో బాబిలోనియాలో షెమూయేల్ అనే పండితుడు ప్రతిపాదించాడు. ఈ రెండు మతాల తేడా చిన్నది కాదు. నాథన్‌సన్ మతం ప్రకారం అనుమతి లేని నకలు ఎక్కడైనా దొంగతనమే. ష్మెల్కెస్ మతం ప్రకారం దేశ చట్టం అనుమతించిన మేరకు నకలు దోషం కాదు.

ఇరవయ్యవ శతాబ్దం

టేపురికార్డరు వచ్చాక ప్రశ్న మళ్ళీ తోరా బోధ దగ్గరికే వచ్చింది. న్యూయార్కులో నివసించిన రబ్బీ మోషే ఫైన్‌స్టైన్ (1895 - 1986), బోధకుడు వద్దన్నప్పుడు అతని ఉపన్యాసపు టేపును నకలు చేయరాదని, అది ఒక రకం దొంగతనమేనని తీర్పు ఇచ్చాడు. బోధ ఉచితమే, టేపు మాత్రం దానిని చేసినవాని సొత్తు, దానిని ఇతరులు వాడుకొనే షరతు పెట్టే హక్కు అతనిదే.

యెరూషలేముకు చెందిన రబ్బీ జల్మాన్ నెహెమియా గోల్డ్‌బెర్గ్ (మరణం 2020) ఈ షరతుకు తాల్ముద్‌లోనే ఒక రూపం వెతికాడు. గొర్రెను అమ్మేవాడు దాని ఉన్నిని తనకు ఉంచుకోవచ్చు. అలాగే క్యాసెట్టును అమ్మేవాడు నకలు చేసే హక్కును మినహాయించుకొని మిగిలినదే అమ్మినట్లు భావించవచ్చు. కొన్నవాడు నకలు చేస్తే తాను కొనని భాగాన్ని వాడుకొన్నట్లు అవుతుంది. ఉన్ని చేతికి అందే వస్తువు, నకలు హక్కు కాదు కదా అన్న ఆక్షేపణతో మైమోనిడీస్ నాటి చిక్కు మళ్ళీ ఎదురవుతుంది. మినహాయింపు షరతు మూడవ వ్యక్తిని కట్టివేస్తుందా అన్నది మరొక సందేహం. దారిన దొరికిన టేపును, రేడియోలో విన్న పాటను నకలు చేసినవాడు అమ్మకందారుతో ఏ ఒప్పందమూ చేసుకోలేదు.

ఇజ్రాయెల్ దేశంలో బ్రిటిషు పాలన నాటి 1911 కాపీహక్కు చట్టమే చాలాకాలం అమలులో ఉండి, దాని స్థానంలో 2007లో ఆమోదించిన కొత్త చట్టం 2008 మేలో అమలులోకి వచ్చింది. అక్కడి లౌకిక న్యాయస్థానాలు ఈ చట్టం ప్రకారమే తీర్పులు ఇస్తాయి. రబ్బీల పంచాయతీలకు (బేత్ దీన్) వచ్చే తగవులలో దేశ చట్టంతో పాటు పైన చెప్పిన తీర్పులు కూడా ప్రమాణంగా చూపబడతాయి. సంప్రదాయ యూదు గ్రంథాల మొదటి పుటలలో రబ్బీల హస్కమాలను, నకలు చేయరాదన్న హెచ్చరికను నేటికీ చూడవచ్చు.